తండ్రి పేరు, తండ్రి విద్య

హిందూపురం అన్నది ఒక తండ్రి పేరు. గుత్తి కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఈ ఊరిని నెలకొల్పి, దానికి తన తండ్రి పేరు పెట్టినాడని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. జిల్లా గెజిటీరులోను ఆ మాటే కనిపిస్తుంది. ఆ తండ్రిని కొందరు హిందూరావంటారు, కొందరు హిందోజీ అంటారు. చరిత్రలో ఆయన సిద్దోజీ. హిందూరావు అన్నది ఘోర్పడేల వంశానికి మరాఠా రాజు ఇచ్చిన బిరుదు. బళ్లారికి సమీపాన ఉన్న సండూరును బేడరు పాళెగాని వద్ద నుండి గెలుచుకొన్నవాడు ఆ సిద్దోజీయే. ఇంతమాత్రం చెప్పడానికైనా పుస్తకాలు తిరగవేయవలసి వస్తున్నది. హిందూపురంలో పుట్టి, అక్కడి బడిలో చదివి, బెల్లం మండీలోనో పట్టుగూళ్ల మార్కెట్టులోనో జీవనం సాగించేవారిలో ఎందరికి ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, అతనిని తలచుకొన్న కుమారుడొకడు ఉన్నాడనీ స్ఫురిస్తుంది? రైలు స్టేషనులో, బస్సు నొసట, దుకాణాల బోర్డులమీద ఆ పేరు నిత్యం కనిపిస్తూనే ఉన్నది. ఐనా అది ఎవరికీ ఏ తండ్రినీ గుర్తుచేయదు.

ఇది ఊరివారి తప్పని అనడానికి వీలులేదు. మురారిరావు ప్రయత్నలోపమని అనడానికీ వీలులేదు. తన కాలంలో అతడు సామాన్యుడు కాడు. 1751లో ఆర్కాటు ముట్టడినాటి ఇంగ్లీషువారి చరిత్రలలో అతని గుర్రపుదండు ప్రస్తావన తప్పక వస్తుంది. ఎవరి పక్షాన అతడు నిలిస్తే ఆ పక్షం ధైర్యం తెచ్చుకొన్న రోజులవి. అంతటివాడు 1776లో హైదరాలీ ముట్టడికి గుత్తి కోటలో చిక్కి, లోపల నీరు అయిపోగా లొంగిపోయినాడు. కబ్బాళదుర్గంలో బందీగా కన్నుమూసినాడు. కొడుకు రాజ్యం పోయినది, కోట పోయినది, తండ్రి పేరుగల ఊరు మాత్రం మిగిలినది. కాని ఆ తండ్రి ఏమి నమ్మినాడో, కొడుకుకు ఏమి నేర్పినాడో చెప్పే సాక్ష్యం ఆ పేరులో లేదు. పేరు పెట్టడమన్నది జ్ఞాపకానికి మొదటి మెట్టు. రెండవ మెట్టు ఎక్కేవారు లేనప్పుడు మొదటిది ఊరికే పడి ఉంటుంది.

ఈనాటి పుత్రులు పెట్టించే శిలాఫలకాలకు, విగ్రహాలకు, తోరణాలకు, పాఠశాలలో గదిమీద చెక్కించే పేర్లకు ఈ మాట వర్తిస్తుంది. వాటిని ఎగతాళి చేయవలసిన పని లేదు. గది లేని బడికి గది వచ్చినదంటే ఎవరి పేర వచ్చినా మంచిదే. అయితే ఆ గదిలో కూర్చున్న పిల్లలకు గోడమీది పేరుగల మనిషి ఎవరో చెప్పే ఉపాధ్యాయుడు ఉన్నాడా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సాధారణంగా, పాలరాతిమీద పుట్టిన తేదీ, గిట్టిన తేదీ ఉంటాయి. ఆ రెండు తేదీల నడుమ ఆయన చేసిన పని ఏమిటో ఉండదు.

హిందూపురానికి ఉత్తరాన, చిత్రావతి దారిలో ఉన్న ధర్మవరానిది మరొక కథ. ఆ ఊరిని, ఊరి చెరువును నిర్మించినవాడు క్రియాశక్తి ఒడయరు అనీ, తన తల్లి ధర్మాంబ పేర దానికి ధర్మవరమని పేరు పెట్టినాడనీ స్థానికంగా చెప్పుకొంటారు. ఒక జిల్లాలో రెండు పెద్ద ఊళ్లు, ఒకటి తండ్రి పేర, ఒకటి తల్లి పేర వెలసినవన్న మాట. రాయలసీమ పిల్లలకు మాతృభక్తి, పితృభక్తి బోధించడానికి పంతుళ్లు పురాణాల దాకా పోనక్కరలేదు. రైలు టైముటేబులు చాలును!

రెండింటికీ ఒక భేదం ఉన్నది. ధర్మాంబ పేరుతోపాటు చెరువు ఉన్నది. చిత్రావతి నీరు పారిన ఏడు అది నిండుతుంది. వాన లేని ఏడు ఎండుతుంది. నిండిన ఏడు దాని కింద వరి వేసుకొన్న రైతుకు ధర్మాంబ ఎవరో తెలియకపోవచ్చు. ఆమె పేర జరిగిన మేలు మాత్రం అతని పొలానికి అందుతూనే ఉన్నది. అనంతపురం సీమలో నీటికంటె గొప్ప స్మారకం మరొకటి ఊహించడం కష్టం. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటిగా పేరుపడిన చోట, కన్నవారి పేర చెరువు త్రవ్వించినవాడు బాగుగా ఆలోచించినాడు.

భగీరథుని కథ ఈ మాటనే చెబుతుంది. ఆయన గంగను తెచ్చినది బూడిదయైన పూర్వుల కోసం. ఆ బూడిద తడియడానికి ఎంత నీరు కావాలి? ఆ ప్రయోజనం ఒక్క గడియలో తీరిపోయినది. ఆ తరువాత ప్రవహించినదంతా పరులకోసమే. పితృకార్యమని మొదలుపెట్టినది లోకకార్యంగా మారింది కనుకనే ఆ పేరు నిలిచినది.

ధర్మవరంలో చెరువుకంటె ఎక్కువగా వినిపించేది మగ్గం. ధర్మవరం చేనేత పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పత్రానికి వందల ఏండ్లకు ముందునుండీ దానిని నిలిపినది గుంటమగ్గం ప్రక్కన కూర్చున్న పిల్లవాడు. ఆ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. తండ్రి గుంటలో కాళ్లుపెట్టి తొక్కుతూ ఉంటే, పిల్లవాడు ప్రక్కన కూర్చుని పోగులు అందిస్తూ, తెగిన పోగు ఎట్లా అతకాలో, అంచు ఎక్కడ బిగియాలో, జరీ ఎక్కడ వదులు కావాలో కన్నుతో నేర్చుకొంటాడు. తల్లి, అక్కచెల్లెండ్రు కండెలు చుడతారు; వారి పని చీరలో ఉంటుంది గాని మాటలో ఉండదు. నేతగాడు అంటారే గాని నేతగత్తె అన్న మాట అరుదుగా వినిపిస్తుంది. ఈ లోపం దిద్దుకోవలసినదే.

తండ్రి నేర్పిన విద్యను నిలపడమే పితృభక్తి అని ఉపన్యాసవేదికమీద చెప్పడం సులభం. ధర్మవరం నేతకుటుంబంలో ఆ మాటకు వెల ఉన్నది. చీరలవంటి కొన్ని రకాలను చేమగ్గానికే కేటాయిస్తూ 1985లో కేంద్రప్రభుత్వం చట్టం చేసినది. మరమగ్గం ఆ రకాలనే అనుకరించి చౌకగా దించుతున్నదని నేతవారి మొర ఈనాటికీ తగ్గలేదు. ముడిపట్టు ధర పెరిగిన నెలలో, అప్పుతీర్చలేని ఇంటిలో, కొడుకు బెంగుళూరికి పోయి వేరే కొలువు వెదుక్కొంటే అతనిని తండ్రి విద్యను విడిచినవాడని నిందించే అధికారం ఎవరికి ఉన్నది? తండ్రే ఆ మగ్గంమీద కూర్చుని, తనతో ఇది ఆగిపోవాలని కోరుకొన్న ఇండ్లూ ఉన్నవి. అటువంటి తండ్రి ఇచ్చినదేమిటి? చీర మడతలో తప్పుపోగు దాచి కొనేవారిని మోసగించని అలవాటు. కొడుకు ఏ కార్యాలయంలో కూర్చున్నా ఆ అలవాటు వెంటబెట్టుకొని పోగలడు. చేనేత బ్రతకాలన్న కోరిక న్యాయమైనదే. దానిని బ్రతికించే భారమంతా నేతగాని కొడుకు భక్తిమీద వేయడం మాత్రం న్యాయం కాదు. ఆ భారం కొనేవారిది, చట్టాన్ని అమలుపరచేవారిది.

ఇక పెనుకొండ. 1565లో విజయనగరం కూలిన తరువాత తిరుమలరాయలు రాజధానిని తరలించుకొన్న ఊరిది. గగనమహలు, కొండమీది కోట, శిథిలమైన గుడులు ఇప్పటికీ ఉన్నవి. ఈ శిథిలాల నడుమ పెరిగిన ఒక బాలుడు బాల్యంలోనే ఆ ఊరిమీద ‘పెనుగొండ లక్ష్మి’ అన్న కావ్యం వ్రాసినాడు. తరువాతి కాలంలో తాను విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన కావ్యమే తనకు పాఠ్యగ్రంథమై ఎదురైనది. తెలుగు ఉపాధ్యాయలోకంలో ఈ కథ తెలియనివారు తక్కువ. ఆ బాలుడే పుట్టపర్తి నారాయణాచార్యులు.

కథలో తెలిసినది కొడుకు. తెలియవలసినది తండ్రి. ఆయన పుట్టపర్తి శ్రీనివాసాచార్యులు, వైష్ణవకుటుంబంలోని పండితుడు. రాయలవారి గురువైన తాతాచార్యులతో తమ వంశానికి సంబంధం ఉన్నదని ఆ ఇంటివారు చెప్పుకొంటారు. నారాయణాచార్యులవారు 1914 మార్చి 28న అనంతపురం సమీపంలోని చియ్యేడులో పుట్టినారు. సంస్కృతం, పురాణేతిహాసాలు ఆయనకు మొదట అందినది తండ్రి చేతినుండి. ఆ తండ్రి పేర ఊరు వెలయలేదు. ఆయన సంపాదన కథగా చెప్పుకొనేటంతటిది కాదు. ఆయన ఇచ్చినది ఒక చెవి, ఒక నాలుక. పద్యం వినగానే దాని నడక పట్టుకొనే చెవి. ఏ భాషైనా తప్పులేకుండా పలికే నాలుక.

ఆ ఇంటినుండి బయలుదేరిన పిల్లవాడు ఎక్కడెక్కడికి వెళ్లినాడో చూస్తే, తండ్రి విద్య ఎటువంటిదో తెలుస్తుంది. పెనుకొండలో సబ్‌కలెక్టరు భార్య అయిన పిట్ దొరసాని వద్ద ఇంగ్లీషు సాహిత్యం నేర్చుకొన్నారు. అదే ఊరిలో రంజకం మహాలక్ష్మమ్మ వద్ద నాట్యం నేర్చుకొన్నారు. ఆచారవంతమైన వైష్ణవకుటుంబంలోని బాలుడు, ఆ రోజులలో, ఒక నాట్యకళాకారిణి ముందు శిష్యుడై నిలబడినాడు. పద్నాలుగు భాషలు తెలిసినవారని ఆయనకు ప్రతీతి. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళంలోకి తెచ్చినది ఈ పెనుకొండ బాలుడే. తండ్రి ఉన్నచోటనే కొడుకు నిలిచిపోవడం ఆ పండితుని ఆశయమై ఉంటే, ఇందులో సగం జరిగేది కాదు.

అన్నిటికంటె విశేషం ‘శివతాండవం’. వైష్ణవుల ఇంటి కవి శివుని నృత్యాన్ని తెలుగులో ఆడించినాడు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ ఆ గేయాన్ని అల్లినారని చెబుతారు. ఆ గేయాన్ని బడిలో గొంతెత్తి చదివించిన ఉపాధ్యాయునికి తెలుసు, పిల్లల కాళ్లు బల్లక్రింద కదలక మానవు. పెనుకొండలో నేర్చిన లయ ఆ మాటలలో ఉన్నది. తండ్రి నేర్పిన సంస్కృతమూ అందులో ఉన్నది. తండ్రి సంప్రదాయం మాత్రం అక్షరాలా అందులో లేదు. ఇది తండ్రికి ద్రోహమా? శ్రీనివాసాచార్యులవారు కొడుకుకు నామం ఒక్కటే ఇచ్చి ఉంటే ద్రోహమే అయ్యేది. ఆయన ఇచ్చినది విద్య. విద్యకు తన దారి తాను వెదుక్కొనే స్వభావం ఉన్నది. తండ్రి మతాన్ని కాపాడిన కొడుకులు దేశంలో లెక్కకు మించి ఉన్నారు. తండ్రి విద్యను అంత ఎత్తుకు కొనిపోయినవారు తక్కువ.

ఆచార్యులవారు ప్రొద్దుటూరు, కడప పాఠశాలలలో తెలుగు పండితులుగా బ్రతుకు గడిపినారు. తండ్రి చేతినుండి తాను అందుకొన్నదానిని ఊరిపిల్లలకు పంచిపెట్టడమే ఆ ఉద్యోగం. మూడు ఋణాలని పెద్దలు చెబుతారు: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. చదువు చెప్పి ఋషిఋణం తీర్చుకోవాలి, సంతానంవలన పితృఋణం తీర్చుకోవాలి. తండ్రే గురువైన ఇంటిలో ఈ రెండు ఖాతాలూ ఒకటే అవుతాయి. ఒక పంతులు తన తండ్రి నేర్పిన పద్యాన్ని పరాయివాని బిడ్డకు నేర్పిన రోజున రెండింటిలోను జమ పడుతుంది. 1972లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఋషీకేశపు స్వామి శివానందులు ఇచ్చిన ‘సరస్వతీపుత్ర’ బిరుదు మాత్రం ఆయన పేరులో భాగమైపోయినది. ఆ బిరుదులో తల్లి ఉన్నది, పుత్రుడున్నాడు. పుత్రుని చేయి పట్టుకొని ఆ తల్లి ముందు నిలబెట్టిన తండ్రి మాత్రం అందులో కనిపించడు. మంచి తండ్రులు చాలమంది ఇట్లే కనిపించకుండా ఉంటారు.

1990 సెప్టెంబరు 1న ఆచార్యులవారు మరణించినారు. ఆ తరువాత ఆయన రచనలను వెదికి, కూర్చి, అచ్చువేయించే పనిని భుజాన వేసుకొన్నవారిలో ఆయన కుమార్తె నాగపద్మిని ముఖ్యులు. అచ్చు కాగితం ఖరీదు, చెదలు తిన్న ప్రతుల శ్రమ తెలిసినవారికి ఇది ఎటువంటి పితృకార్యమో తెలుస్తుంది. సాటి కథ కడపసీమలోనే ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించినారు. కుమారుడు పెదతిరుమలాచార్యులు తండ్రి సంకీర్తనలను రాగిరేకులమీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరచినాడు. తాను కూడ కవియే. ఆ సొమ్ముతో తన పేర మండపం కట్టించుకొని ఉండవచ్చును. ఆ రేకులు శతాబ్దాల మరుపు తరువాత, ఇరవయ్యవ శతాబ్దంలో మరల వెలుగు చూచినవి. తండ్రి పాటను కాపాడిన కొడుకు లేకపోతే ఈనాడు తెలుగువారి నోట అన్నమయ్య ఉండేవాడు కాడు. ఆనాడు కొడుకు చేసినదానిని ఈనాడు పుట్టపర్తివారి ఇంటిలో కూతురు చేస్తున్నది.

కూతురి మాట వచ్చినది గనుక మరల హిందూపురానికి వెళ్లవలసి ఉన్నది. 1985లో ఆ నియోజకవర్గంనుండి గెలిచిన నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వం, తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌లో సవరించినది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చినది 2005లో. రామారావుగారి తరువాత ఆయన కుమారులిద్దరు, 1996 ఉపఎన్నికలో హరికృష్ణ, 2014 మొదలు బాలకృష్ణ, అదే హిందూపురంనుండి శాసనసభకు ఎన్నికైనారు. తండ్రి పేరు ఎన్నికలలో ఎంత పని చేస్తుందన్నది ఓటర్లు తేల్చుకొనే సంగతి. ఊరి ఆడపిల్లలకు అంతకంటె దగ్గరిది ఆ చట్టం. అది ఎందరి ఇండ్లలో అమలైనదని అడిగితే, పెండ్లినాడు ఇచ్చినదానితో సరిపెట్టుకొమ్మన్న సమాధానమే ఇప్పటికీ ఎక్కువగా వస్తుంది. తండ్రి సంవత్సరీకానికి చెల్లెలిని పిలిచి, అన్నంపెట్టి, హక్కు వదులుకొన్నట్లు కాగితంమీద సంతకం అడిగే అన్న తన తండ్రికి ఏ విధమైన గౌరవం చేస్తున్నాడో ఆలోచించుకోవాలి.

2005 సవరణలో మరొక అంశం ఉన్నది. దానిని గురించి బడులలో చెప్పేవారు తక్కువ. తండ్రి చేసిన అప్పును తీర్చడం కొడుకు ధర్మం కనుక అతనినుండి వసూలు చేయవచ్చునన్న పాత సూత్రాన్ని, ఆ సవరణ తరువాత చేసిన అప్పుల విషయంలో, కోర్టులు గుర్తించకూడదని ఆ చట్టం చెప్పినది. వారసునికి బాధ్యత ఉంటే తనకు సంక్రమించిన ఆస్తి మేరకే. వేరుసెనగ పైరు ఎండి, అప్పుల భారంతో రైతులు ప్రాణాలు తీసుకొన్న జిల్లా ఇది. ఇక్కడ పితృఋణమన్న మాట కొందరు పిల్లలకు శాస్త్రార్థంలో వినిపించదు. ప్రామిసరీనోటుతో వాకిట నిలబడిన మనిషి గొంతులో వినిపిస్తుంది. తండ్రి మాట నిలబెట్టాలన్న ఆ పిల్లవాని పౌరుషమే వడ్డీవ్యాపారికి పెట్టుబడి అవుతుంది. అటువంటి విద్యార్థికి తండ్రి గౌరవం ఆ కాగితంలో లేదని, చట్టం ఈ విధంగా ఉన్నదని చెప్పగల ఉపాధ్యాయుడు తరగతిలో ఎన్ని నీతిపద్యాలు చెప్పినా రాని మేలు చేసినవాడవుతాడు.

బడులలో ‘మా నాన్న’ అన్న వ్యాసం వ్రాయించే వాడుక ఉన్నది. ముప్పది కాగితాలలోను నాన్న కష్టపడతాడు, నాన్న దేవుడు అన్న వాక్యాలే ఉంటాయి. తండ్రి వలసపోయి బెంగుళూరు కట్టడాలలో పని చేస్తూ ఉంటే అవ్వ వద్ద పెరుగుతున్న బాలిక ఆ వాక్యాన్నే వ్రాస్తుంది. త్రాగి వచ్చి కొట్టే తండ్రిగల బాలుడు కూడ దానినే వ్రాస్తాడు. తండ్రి చనిపోయిన పిల్ల ఏమి వ్రాయాలో తెలియక ప్రక్కవారి కాగితం చూస్తుంది. ఈ వ్యాసంవలన పితృభక్తి పెరుగుతుందని నమ్మడం కష్టం. అబద్ధం అందంగా వ్రాసే అలవాటు పెరుగుతుంది.

కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రిని అడిగిన ప్రశ్న ఇక్కడ తలచుకోదగినది. పాలుడిగిన ముసలి ఆవులను దానమిస్తున్న తండ్రిని చూచి, కుర్రవాడు తనను ఎవరికి ఇస్తావని నిలదీసినాడు. తండ్రికి కోపం వచ్చినది. అయినా ఆ మాట నిలపడానికి కొడుకే యముని ఇంటికి పోయినాడు. అక్కడ మొదట కోరిన వరం తండ్రి కోపం తీరాలన్నదే. తండ్రి తప్పును చూచిన కన్నూ, తండ్రి మనశ్శాంతిని కోరిన మనసూ ఒకే బాలునివి. తప్పును తప్పనడానికి భయపడే పిల్లవానికి భక్తి నేర్పినట్లు కాదు.

ఆ వ్యాసాంశాన్నే కొంచెం మార్చి ఇవ్వవచ్చును. ఇంటిలో ఎవరు ఏ పని నేర్పినారు, ఆ పనిలో ఏ ఏ మాటలు వాడతారు, ఏది చేస్తే తప్పని చెప్పినారు — ఇంత అడిగితే చాలు. నాన్న లేనివారు అవ్వను గురించి వ్రాస్తారు, మేనమామను గురించి వ్రాస్తారు. హిందూపురం బాలుడు బెల్లం పాకం ఎప్పుడు దించాలో వ్రాస్తాడు. పెనుకొండ బాలిక కొండక్రింది చేనులో ఏ మన్ను ఏ పంటకు ఒప్పుతుందో వ్రాస్తుంది. ధర్మవరం పిల్ల మగ్గంలో ఉండే భాగాల పేర్లన్నీ వరుసగా వ్రాసి తెస్తే, పంతులుగారికి వానిలో సగం అర్థం కావు, నిఘంటువులో వెదికినా కొన్ని దొరకవు. వానికి అర్థం చెప్పగల మనిషి ఆ పూట మగ్గం గుంటలోనే కూర్చుని ఉన్నాడు, అడగవచ్చును.